ట్యాంకు ఎక్కినవాడికే తెలిసే సంగతి

విశాఖలో ఈ మధ్య పరిశ్రమల సదస్సు ఏది జరిగినా సెన్సర్ల ప్రస్తావన లేకుండా ముగియడం లేదు. స్మార్ట్ ఫ్యాక్టరీ అంటారు, డేటా అంటారు, ఏఐ అంటారు. తెర మీద రంగురంగుల గ్రాఫులు కదులుతాయి, చప్పట్లు పడతాయి, ఆ తర్వాత భోజనాలు. ఆ గ్రాఫు గీయడానికి కావలసిన అంకె ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగరు. ఎక్కడో పరవాడలో, ఎండలో మాడుతున్న ట్యాంకు నెత్తిన బిగించిన కడ్డీ నుంచి వస్తుంది అది. ఆ కడ్డీ మీది నేమ్‌ప్లేటు చదివితే జర్మనీ అనో, స్విట్జర్లాండ్ అనో, జపాన్ అనో ఉంటుంది. కాస్త దగ్గరిదైతే పుణె, ఔరంగాబాద్. విశాఖపట్నం అని రాసి ఉన్నది ఇంతవరకు నా కంటబడలేదు.

ఇలాంటి కడ్డీలు అమ్మే డీలరు దగ్గర సర్వీసు ఇంజనీరుగా చేరాను. తర్వాత కంపెనీ మారింది గానీ పని మారలేదు. గాజువాక నుంచి అచ్యుతాపురం దాకా ఈ పని చేసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. బండి డిక్కీలో మల్టీమీటరు, మీటర్ల సెట్టింగులు చదివి మార్చే హార్ట్ కమ్యూనికేటరు, కేబుల్ లోపలికి వెళ్లేచోట బిగించే గ్లాండులు, టెఫ్లాన్ టేపు పెట్టుకుని తిరుగుతుంటాం. అందుకే, "మన దగ్గర టెక్నాలజీ లేదండీ, పెట్టుబడి లేదండీ, అందుకే సెన్సర్ కంపెనీ రాలేదు" అని ఎవరైనా మైకు ముందు చెబితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రెండూ పెద్దగా లేకుండానే మొదలైన కంపెనీ ఒకటి ఉంది. నా డిక్కీలో ఉన్న మాన్యువల్స్‌లో సగం దానివే.

1953 ఫిబ్రవరి 1న, జర్మనీకి నైరుతి మూలన ఉన్న లోర్రాఖ్ అనే చిన్న ఊళ్లో అది పుట్టింది. యుద్ధం అయిపోయి అప్పటికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. జార్జ్ ఎండ్రెస్ అనే 29 ఏళ్ల స్విస్ ఇంజనీరు, లుడ్విగ్ హౌజర్ అనే 58 ఏళ్ల బ్యాంకు పెద్దమనిషి కలిశారు. మొదటి ఆఫీసు హౌజర్ ఇంట్లోనే. ఫ్యాక్టరీ లేదు, సొంత డిజైను లేదు. ఇంగ్లండ్‌లో తయారైన ఎలక్ట్రానిక్ లెవెల్ మీటర్లు తెచ్చి జర్మనీలో అమ్మడం, అంతే. మన డాబాగార్డెన్స్‌లో మేడమీద రెండు గదుల్లో నడిచే డీలర్‌షిప్‌కీ దానికీ తేడా ఏమీ లేదు. ఆ కంపెనీయే ఈనాటి ఎండ్రెస్ ప్లస్ హౌజర్. ఇప్పుడు దాని ఉద్యోగులు 16,000 మందికి పైనే. హెడ్డాఫీసు స్విట్జర్లాండ్‌లోని రైనాఖ్‌లో. మన ఔరంగాబాద్‌లో కూడా వాళ్ల ఫ్యాక్టరీ ఉంది.

వాళ్లు అమ్మిన వస్తువు ఏమిటో కాస్త చెప్పాలి. అంతకుముందు ట్యాంకులో సరుకు ఎంత ఉందో తెలియాలంటే పక్కన గాజు గొట్టం ఉండాలి, లేదా లోపల ఫ్లోటు ఉండాలి, లేదంటే మనిషి పైకెక్కి కర్ర దించి చూడాలి. కొత్త మీటర్లో కదిలే భాగమే లేదు. లోహపు కడ్డీ ఒకటి ట్యాంకులోకి దించుతారు. కడ్డీ ఒక పలక, ట్యాంకు గోడ రెండో పలక, రెండూ కలిస్తే కెపాసిటర్. పలకల మధ్య ఉన్న పదార్థం కెపాసిటెన్స్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె డైఎలక్ట్రిక్ స్థిరాంకం. గాలికి అది 1. నూనెలకు 2 చిల్లర. నీటికి దాదాపు 80. ద్రవం పైకి వచ్చేకొద్దీ కెపాసిటెన్స్ పెరుగుతుంది, ఆ పెరుగుదలే లెవెల్. ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో ఉన్న పాఠమే ఇది. దీనికి నోబెల్ బహుమతులు అక్కర్లేదు.

అసలు కష్టమంతా ట్యాంకు దగ్గర మొదలవుతుంది. పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో ఇలాంటి కడ్డీ ఉన్న సాల్వెంట్ ట్యాంకు మీద పదే పదే కంప్లయింట్ వచ్చేది. ట్యాంకు అడుగున కాస్త చేరిందో లేదో, కంట్రోల్ రూములో 100 శాతం చూపించేది. ప్రమాదం రాకుండా ఆపేసే ఇంటర్‌లాక్ పడి పంపు ఆగిపోయేది. మేం వెళ్లి చూస్తే అంతా సవ్యంగానే ఉండేది. మీటరు మార్చారు, కేబుల్ మార్చారు, ఎర్తింగ్ చూశారు. "ఏటి సార్, మళ్లీ ఈ ట్యాంకేనా?" అని హెల్పర్ అప్పన్న నిచ్చెన పట్టుకుని నవ్వేవాడు. చివరికి గుట్టు విప్పింది కూడా అతనే. "మొన్న వేరే డ్రమ్ములు దింపినారు సార్, వాసన వేరేగుంది" అన్నాడు. అసలు సంగతి అదే. మీటరు కేలిబ్రేట్ చేసింది టోలుయీన్‌తో, దాని స్థిరాంకం 2.4 దగ్గర ఉంటుంది. ప్రొడక్షన్ వాళ్లు బ్యాచ్‌ను బట్టి అందులోనే మిథనాల్ పోస్తున్నారు, దానిది 33 దగ్గర. మిథనాల్ కొద్దిగా చేరితే చాలు, టోలుయీన్ ట్యాంకు నిండినంత కెపాసిటెన్స్ వచ్చేస్తుంది. మీటరు తన పని తాను సరిగ్గానే చేస్తోంది. దానికి తెలియనిదల్లా లోపల పోసిందేమిటన్నదే. ఆ ఒక్క ముక్క డేటా షీటులో ఉండదు, నిచ్చెన కింద నిలబడ్డవాడి ముక్కుకు తెలుస్తుంది.

ఇంకొక ట్యాంకులో జిగట సరుకు. అది కడ్డీకి గంటెకు పట్టిన పాకంలా పట్టేసి, ట్యాంకు ఖాళీ అయినా సగం ఉన్నట్టు చూపించేది. లెవెల్ ఉందనుకుని పంపు ఉత్తగా తిరిగి సీలు కాలిపోయేది.

నా వాదన ఇక్కడి నుంచే. సెన్సర్ తయారీ కంపెనీకి అసలు పెట్టుబడి ఈ రకం జ్ఞానమే. ఏ సరుకు ఎలా అంటుకుంటుంది, ఏ పంపు ఎప్పుడు వణుకుతుంది, ఏ షిఫ్టులో ఎవరు ఏ వాల్వు తెరుస్తారు అనేవి. సిలికాన్ చిప్పు కొనుక్కోవచ్చు, సర్క్యూట్ బోర్డు చేయించుకోవచ్చు. ఇది మాత్రం కొనడానికి దొరకదు. ఇది ట్యాంకులు ఎక్కి దిగేవాళ్ల దగ్గర పోగుపడుతుంది. ఎండ్రెస్ డీలరుగా మొదలవడం అతని అదృష్టమనే నేను నమ్ముతాను. అమ్మేవాడు తన వస్తువు ఫెయిలైన ప్రతిచోటికీ పోవాల్సిందే, తిట్లు తినాల్సిందే. లోర్రాఖ్ పక్కనే సరిహద్దు అవతల స్విట్జర్లాండ్‌లోని బాజెల్ ఉంది. సీబా, గైగీ, శాండోజ్, రోష్ లాంటి రంగుల, మందుల కంపెనీలన్నీ అప్పట్లో అక్కడివే. అంటే సందు చివరే వందల రకాల రసాయనాలు, వందల రకాల ట్యాంకులు. ఎక్కువ కాలం పట్టకుండానే వాళ్లు అమ్మకం నుంచి సొంత తయారీలోకి దిగారు. కడ్డీకి పూత పట్టే సమస్య చూసినవాడు పూతను పట్టించుకోని పద్ధతి వెతుకుతాడు. ఇవాళ వాళ్ల కేటలాగులో కంపించే ఫోర్కు ఉంది, రాడార్ ఉంది, అల్ట్రాసోనిక్ ఉంది, బయటి నుంచే కొలిచే గామా కిరణాలది కూడా ఉంది. ఫోర్కుది నాకు మరీ ఇష్టం. రెండు పళ్ల ఫోర్కు ఒకటి ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది, ద్రవంలో మునగగానే దాని ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. టోలుయీనా, మిథనాలా అన్న గొడవే లేదు.

హౌజర్ గురించి జనం తక్కువ మాట్లాడతారు. ఇంజనీరు కథే అందరికీ కావాలి. 58 ఏళ్ల వయసులో, హాయిగా బ్యాంకు పని చూసుకోవలసిన మనిషి, తన వయసులో సగం ఉన్న కుర్రాడితో కలిసి తన ఇంట్లోనే ఆఫీసు తెరిచాడు. మన దగ్గర రిటైరవబోయే బ్యాంకు మేనేజరు ఏం చేస్తాడో నాకు తెలుసు. మధురవాడలో ఒక ఫ్లాటు, పిల్లాడికి అమెరికా ఫీజు. తప్పనను, ఎవరి లెక్క వాళ్లది. కానీ 29 ఏళ్ల ఇన్‌స్ట్రుమెంటేషన్ కుర్రాడు "మామయ్యా, ఇది చేద్దాం" అని ఎవరి దగ్గరికి వెళ్లాలి? బ్యాంకుకు వెళితే కొలేటరల్ అడుగుతారు. ఇంట్లో చెబితే, "ఏరా, కమీషన్ బాగానే వస్తోందిగా, ఎందుకొచ్చిన టెన్షన్?" అంటారు.

హౌజర్ 1975లో పోయాడు. కంపెనీ ఎండ్రెస్ కుటుంబం చేతికి వచ్చింది. జార్జ్ ఎండ్రెస్‌కు ఎనిమిది మంది పిల్లలు. మన దగ్గరైతే కంపెనీ ఎనిమిది ముక్కలై, ఒక్కొక్కరు ఒక్కొక్క షెడ్డు పెట్టుకుని, ఒకరి మీద ఒకరు కేసులు వేసుకునేవారు. వాళ్లు షేర్ మార్కెట్‌కు పోలేదు, ముక్కలూ చేసుకోలేదు. 1995లో కొడుకు క్లౌస్ పగ్గాలు పట్టాడు, 2014లో కుటుంబం బయటి మనిషికి అప్పగించాడు. పెద్దాయన జార్జ్ 2008లో కన్నుమూశాడు. మధ్యలో ఉన్న ఏళ్ల కథంతా విస్తరణే. కొత్త దేశం, కొత్త బిల్డింగు, కొత్త కంపెనీ కొనుగోలు. చదవడానికి పెద్ద ఆసక్తిగా ఉండదు.

అదే ప్రాంతంలో ఇంకో మనిషి ఉన్నాడు, ఎర్విన్ సిక్. 1946లో మ్యూనిక్ దగ్గర అమెరికన్ సైనిక ప్రభుత్వం అనుమతితో ఇంజనీరింగ్ ఆఫీసు తెరిచాడు. ప్రెస్సు కింద చెయ్యి పెడితే వెలుగు తెర తెగి మెషీను ఆగిపోయే లైట్ కర్టెన్ 1952లో హానోవర్ ప్రదర్శనలో చూపించాడు. 1956లో లోర్రాఖ్ ఉన్న వైపే, వాల్డ్‌కిర్ష్‌కు మారాడు. ఇవాళ ఆటోనగర్‌లో పవర్ ప్రెస్సుల మీద వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూసినప్పుడల్లా ఆ 1952 గుర్తొస్తుంది. సిక్, ఎండ్రెస్ కంపెనీలు రెండూ 2025 జనవరి నుంచి గ్యాస్ ఎనలైజర్లు, గ్యాస్ ఫ్లో మీటర్ల పనిలో చేతులు కలిపాయి.

మన ఊరి సంగతి మాట్లాడుతూ వెంకటాపురం దాటి వెళ్లడం నాకు చేతకాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఎం6 ట్యాంకు నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. దాని మీద రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పిన కారణాలు చాలా ఉన్నాయి. చల్లదనం సరిపోలేదు, లోపల సరుకు కలిసేలా తిరగలేదు, స్టైరీన్ తనంతట తాను గట్టిపడకుండా ఆపే టీబీసీ సరిపడా లేదు, సైరన్ మోగలేదు. వాటి మధ్యలో ఒకటి మా వృత్తివాళ్ల గుండెల్లో గుచ్చుకునే సంగతి. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచింది అడుగునే. వేడెక్కిన ద్రవం పైకి పోతుంది. పై పొరల్లో స్టైరీన్ ఉడుకుతుంటే అడుగున ఉన్న సెన్సర్ తన చుట్టూ ఉన్న చల్లదనాన్నే నిజాయితీగా చెబుతూ కూర్చుంది. కంట్రోల్ రూములో అంకె ఉంది, అంకె తప్పు కూడా కాదు, అయినా లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియలేదు.

అక్కడ ఇంకా ఖరీదైన సెన్సర్ ఉంటే ఏమయ్యేదని నన్ను అడుగుతుంటారు. ఖరీదుతో పనేముంది? ఉష్ణోగ్రత కొలిచే మామూలు ఆర్టీడీలు ఇంకో మూడు ఎత్తుల్లో దించి ఉంటే తేడా కనబడేది. ఎక్కడ దించాలన్నది ఆ ద్రవం స్వభావం తెలిసినవాడు, ఆ ట్యాంకు పైపులు ఎలా మారాయో చూసినవాడు చెప్పాలి. డబ్బా పంపిన విదేశీ కంపెనీకి ఎం6 అంటే ఏం తెలుసు?

బాజెల్ వాళ్లకూ ఇలాంటి రాత్రి ఒకటి ఉంది. 1986 నవంబరు 1న ష్వైజర్‌హాలెలో శాండోజ్ గోదాము తగలబడింది. మంటలు ఆర్పిన నీళ్లు పురుగుమందులను రైన్ నదిలోకి మోసుకుపోయాయి. నది ఎర్రబడింది, ఈల్ చేపలు గుట్టలుగా చచ్చాయి. ఆ తర్వాత నది నీటిని ఎప్పటికప్పుడు పరీక్షించే కేంద్రం వైల్ అనే సరిహద్దు ఊళ్లో 1993లో వచ్చింది. లోర్రాఖ్‌కు పక్క ఊరే అది. ప్రమాదం తర్వాత కొలవడం పెరిగింది, కొలిచేవాళ్లు చుట్టుపక్కలే ఉన్నారు. మనకు ప్రమాదం తర్వాత కమిటీ వచ్చింది, రిపోర్టు వచ్చింది, మళ్లీ మీటర్లు మాత్రం ఓడలోంచే దిగాయి.

తెలుగువాళ్లకు ఇది చేతకాదన్న మాట అబద్ధం. భీమవరం దగ్గర మొగల్లులో పుట్టిన ఏ.ఎస్. రావు గారు 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. ముంబైలోని ట్రాంబేలో అణుశక్తి కార్యక్రమానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు మనవాళ్లే చేసిన అనుభవం నుంచి ఆ సంస్థ పుట్టింది. రేడియేషన్ కొలిచే పరికరాలు, కంట్రోల్ ప్యానెళ్లు చేశారు. అక్కడ కూడా సూత్రం ఒకటే. రియాక్టరు పక్కనే ఉంది, దాని అవసరం తెలిసినవాడే పరికరం చేశాడు, చేసినదాన్ని కొనేవాడు పక్క బిల్డింగులోనే ఉన్నాడు. ఆంధ్రా యూనివర్సిటీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నాలజీ విభాగం ఏళ్ల తరబడి ఇంజనీర్లను తయారు చేస్తోంది. వాళ్లలో ఎక్కువమంది బెంగళూరులో సాఫ్ట్‌వేరు రాస్తున్నారు. పక్కనే రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ, ఎరువుల కంపెనీ, ఫార్మా సిటీ ఉన్నాయి. ఇంతమంది కొనేవాళ్లు, ఇంతమంది చదువుకున్నవాళ్లు ఒకే ఊళ్లో ఉండి కూడా ఒకరికొకరు తారసపడటం లేదు.

ఎందుకు? చిక్కంతా మొదటి ఆర్డరు దగ్గర. టెండరు కాగితం తెరవండి. మూడేళ్ల టర్నోవరు చూపించాలి, ఇదే తరహా సప్లై చేసిన సర్టిఫికెట్ పెట్టాలి, కన్సల్టెంటు రాసిన అప్రూవ్డ్ వెండర్ లిస్టులో పేరుండాలి. ముందు అమ్మినవాడే మళ్లీ అమ్మగలడు. స్టార్టప్‌లకు ప్రభుత్వ కొనుగోళ్లలో పాత అనుభవం, టర్నోవరు నిబంధనలు సడలించవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది, నాణ్యతలో రాజీ పడకుండా. కాగితం మీద తలుపు తెరిచే ఉంది. లోపలున్న మనిషి భయం వేరు. ఆయనను నేను తప్పు పట్టను. పేరున్న విదేశీ మీటరు ఫెయిలైతే "వాళ్లదే ఫెయిలైంది, ఏం చేస్తాం" అంటారు. గాజువాక మీటరు ఫెయిలైతే "ఎవడు కొనమన్నాడు?" అంటారు. ప్రమోషన్ ముందున్న మేనేజరు ఏది కొంటాడు?

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. మండే సరుకు ఉన్నచోట పెట్టే పరికరం ప్రాణాలతో చెలగాటం. నిప్పు రవ్వ బయటికి రాని హౌసింగ్ కావాలి, ధన్‌బాద్‌లోని సీఐఎంఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థ లాంటి చోట పరీక్ష పాసవ్వాలి, నాగపూర్‌లో పేలుడు పదార్థాల భద్రత చూసే పెసో అనుమతి రావాలి. డబ్బూ కావాలి, ఓపికా కావాలి. నిజమే. మండే ఆవిరి ఎప్పుడూ ఉండే చోటును జోన్ 0 అంటారు, అలాంటి ట్యాంకు మీద నా ఊళ్లో నిన్న చేసిన మీటరు పెట్టమని నేను కూడా అడగను. అయితే ఫ్యాక్టరీ మొత్తం జోన్ 0 కాదు. కూలింగ్ వాటర్ బేసిన్ ఉంది, ఫైర్ వాటర్ ట్యాంకు ఉంది, వ్యర్థజలాల ఎఫ్లుయెంట్ ట్యాంకు ఉంది. మంచినీళ్ల సంపు మీద కూడా యూరో ధర పెట్టి తెచ్చిన రాడార్ చూశాను. అక్కడ మొదలుపెట్టడానికి ధన్‌బాద్ దాకా పోనక్కర్లేదు.

పైగా మన ఊరి గాలికి తగ్గ మీటరు మనమే చేయగలం. పోర్టు వైపు ఏ జంక్షన్ బాక్సు మూత తీసినా టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఉప్పుగాలి, దాని మీద ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము. కేబుల్‌కు కిందికి ఒక వంపు ఇవ్వకుండా పైనుంచి తిన్నగా గ్లాండులోకి దించితే వాననీరు దారి చూసుకుని లోపలికే వస్తుంది. లక్షల మీటరు చావడానికి అక్కడున్న చవక గ్లాండు చాలు. వైరు తెగితే తెలియాలనే, మీటరు నుంచి కంట్రోల్ రూముకు వెళ్లే కరెంటు లూపులో ఖాళీ ట్యాంకుకు కూడా 4 మిల్లీయాంపులు పెట్టారు, నిండితే 20. (ఈ నాలుగు-ఇరవై మీద మా వాళ్లు వేయని జోకు లేదు.) తడి చేరి లీకేజీ కలిస్తే 4 కాస్తా 6 అవుతుంది, ఖాళీ ట్యాంకులో కొంత ఉన్నట్టే కనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లో కూర్చుని దీన్ని ఊహించవచ్చు. ప్రతి జూన్‌లో వచ్చి చూసేది మాత్రం మేమే. ఎంట్రీ పక్కకు పెట్టాలా కిందికి పెట్టాలా, మూత రబ్బరు ఎన్నాళ్లకు గట్టిపడుతుంది, ఏ స్క్రూ తుప్పుపట్టి తల విరుగుతుంది, ఇవన్నీ మాకు నోటికొచ్చు. ఎవరూ డ్రాయింగులోకి ఎక్కించలేదంతే.

అందుకని సబ్సిడీ భూమి, ప్రత్యేక పార్కు, శంకుస్థాపన వద్దు. మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలకు పరీక్షల సదుపాయం ఊళ్లోనే వచ్చినట్టు, పరిశ్రమల మీటర్లకు కూడా ఒక టెస్టింగ్ సదుపాయం ఉంటే మంచిదే. అది లేకపోయినా మొదలుపెట్టవచ్చు. నేను ప్లాంటు మేనేజర్లను అడుగుతున్నది ఒకటే. ప్రమాదం లేని ట్యాంకు ఒకటి ఇవ్వండి. మీ పాత మీటరు అలాగే ఉండనివ్వండి, దాని పక్కన ట్యాంకుకు ఉన్న ఖాళీ నాజిల్ మీద మేం ఇక్కడ చేసిన మీటరు బిగిస్తాం. ఇంటర్‌లాక్‌కు కలపొద్దు, తెర మీది ట్రెండు గ్రాఫులో రెండు గీతలు పక్కపక్కన వస్తే చాలు. ఒక వేసవి, ఒక వానాకాలం గడవనివ్వండి. గీతలు విడిపోతే విప్పుకుని తీసుకుపోతాం. కలిసి నడిస్తే ఆ ట్రెండు ప్రింటు మీద సంతకం పెట్టి ఇవ్వండి. అదే మాకు మొదటి అనుభవం సర్టిఫికెట్.

అడగగా ఒక మేనేజరుగారు కూలింగ్ టవర్ బేసిన్ ఇస్తానన్నారు. "స్క్రాపులోంచి ఏరిన పాత హౌసింగులో పెట్టుకుని రాకండయ్యా, కొత్తది చేయించండి" అని షరతు పెట్టారు. న్యాయమైన షరతే. అల్యూమినియం పోత పోసే ఆటోనగర్ మేస్త్రి అచ్చు తీయడానికి ప్యాటర్న్ తెమ్మంటున్నాడు. ప్యాటర్న్‌కు డ్రాయింగు కావాలి, గ్లాండు ఎంట్రీ కిందికే పెట్టాలని మేస్త్రీ, నేనూ ఒప్పుకున్నాం. మూతకు స్క్రూలు పెట్టాలా, మరచుట్లతో తిప్పి బిగించేలా చేయాలా అన్నదాని మీదే ఇంకా గొడవ నడుస్తోంది.